బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్: లైటుతో కలిపి పెట్టాలా, వేరే స్విచ్ ఉండాలా?

నల్గొండ కొత్తిల్లు
ఇల్లు కడుతున్నాం. గోడలకు గాడి కొట్టి పైపులు వేశారు, ఇంకా వైర్లు లాగలేదు. బాత్‌రూమ్‌లో లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకే స్విచ్ మీద పెడదామని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. మా ఆవిడ మాత్రం వేరే స్విచ్ ఉండాల్సిందే అంటోంది. మీరేమంటారు?

పాలమూరు ఓనర్
ఎలక్ట్రీషియన్ మాటే కరెక్ట్ అన్నా. మా అద్దె పోర్షన్లలో వేరే స్విచ్ ఉన్నచోట ఫ్యాన్ వేసే దిక్కే లేదు. స్లాబంతా నల్లగా బూజు. వాళ్లు ఖాళీ చేశాక గీకించి రంగు వేయించేది మేమే. కలిపి పెట్టిన పోర్షన్లలో ఆ బాధ లేదు.

మిర్యాలగూడ అక్క
తమ్మీ, ఫ్యాన్‌తో అసలు పని స్నానం చేసి బయటికొచ్చాకే. అద్దం మీద ఆవిరి, టైల్స్ సందుల్లో తడి, కొక్కేనికి వేసిన తువ్వాలు, ఇవన్నీ ఆరాలంటే పావుగంట, ఇరవై నిమిషాలైనా గాలి ఆడాలి. ఒకే స్విచ్ అయితే లైటు ఆర్పగానే ఫ్యానూ ఆగిపోతుంది. పగలు ఇంకో చిక్కు. వెంటిలేటర్ వెలుతురు చాలని లైటే వేయం, ఇక ఫ్యానెక్కడ తిరుగుతుంది? అర్ధరాత్రి మా అత్తమ్మ లేచి లైటేస్తే ఆ మోతకు పక్కగదిలో చంటిది ఉలిక్కిపడి ఏడుస్తుంది. కరెంటుకు భయపడొద్దు. 30 వాట్ల ఫ్యాన్ 33 గంటలు తిరిగితేనే ఒక యూనిట్.

దేవరకొండ వైరింగ్ పని
ఇప్పుడైతే అదనంగా అయ్యేది ఒక స్విచ్, బోర్డు నుంచి ఫ్యాన్ దాకా ఒక ఫేజ్ వైరు, అంతే. న్యూట్రల్ రెండింటికీ ఒకటే సరిపోతుంది. టైల్స్ వేశాక అడిగితే, పైపులో చోటుంటే స్ప్రింగ్ పెట్టి లాగుతాం, లేకపోతే పగలగొట్టాల్సిందే. మరిచిపోతారని భయముంటే టైమర్ ఫ్యాన్ ఉంది. లైటు వేస్తే తిరుగుతుంది, ఆర్పాక కాసేపు తిరిగి తనే ఆగుతుంది. దానికి లైటు స్విచ్ నుంచి వచ్చే ఫేజ్‌తో పాటు ఎప్పుడూ కరెంటుండే ఫేజ్, న్యూట్రల్ కావాలి. కాబట్టి ఎటు తిరిగీ ఒక వైరు ఎక్కువే లాగించుకోండి. తలుపు కింద సందు మూసేయొద్దు, లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ దేన్ని లాగుతుంది? ఫ్యాన్ ఉంది కదా అని గ్యాస్ గీజర్ మాత్రం లోపల పెట్టకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి. బయటే బిగించాలి.

పాలమూరు ఓనర్
టైమరైతే ఒప్పుకుంటా, సొంతింటికి మంచిదే. అద్దె పోర్షన్లకు అంత ఖర్చు పెట్టలేను. అక్కడ నాది పాత మాటే.

మిర్యాలగూడ అక్క
అడిగినాయనది సొంతిల్లే కదా తమ్మీ. బోర్డు బయట తలుపు పక్కనే పెట్టించండి అన్నా. బయటికొచ్చి లైటు ఒక్కటే ఆర్పి, ఫ్యాన్ అలాగే వదిలేయొచ్చు.

నల్గొండ కొత్తిల్లు
బోర్డు లోపల అద్దం దగ్గర గుర్తు పెట్టారు. రేపు పొద్దున్నే బయటికి మార్పిస్తా. అదనపు వైరు, వేరే స్విచ్ ఖాయం.