15 ఏళ్ల ఫర్నేస్‌కి 950 డాలర్ల రిపేరు: చేయించాలా, కొత్తది పెట్టించాలా?

ఎడిసన్_ఇల్లు
న్యూజెర్సీలో 2010లో పెట్టిన గ్యాస్ ఫర్నేస్ ఇది. ఇల్లంతా వేడిచేసేది ఇదే. 80 శాతం రకం (కాలిన గ్యాస్‌లో 80 శాతం వేడిగా ఇంట్లోకి వస్తుంది), గంటకు 80,000 బీటీయూ (వేడి కొలత), బేస్‌మెంట్‌లో ఉంది. థర్మోస్టాట్ పెంచితే లోపల టక్ మని ఒక శబ్దం వస్తుంది, అంతే, ఇంకేమీ కదలదు. టెక్నీషియన్ వచ్చి ఇండ్యూసర్ మోటార్ (పొగను బయటికి లాగే ఫ్యాన్ మోటార్) పోయిందన్నాడు. రిపేరుకు 950, కొత్త 96 శాతం ఫర్నేస్‌కు 7,800 డాలర్లు కోట్ ఇచ్చాడు. "రిపేరు ఖర్చును వయసుతో గుణించండి, 5,000 దాటితే మార్చేయడమే" అని కూడా చెప్పాడు. 15 సార్లు 950 అంటే 14,250. ఈ లెక్క ఎంతవరకు నమ్మొచ్చండీ?

ట్రాయ్_మెకానికల్
అసలు నమ్మకండి. ఆ లెక్క ప్రకారం 15 ఏళ్ల ఫర్నేస్‌కి 334 డాలర్లు పెట్టినా హద్దు దాటినట్టే. కొన్ని ఊళ్లలో మంట అంటించే ఇగ్నైటర్ ఒక్కటి మార్పించినా ఆ మొత్తం అవుతుంది. కొత్త ఫర్నేస్ ధర ఎంత, మీ గ్యాస్ బిల్లు ఎంత, పోయిన భాగం ఏమిటి అనేవి ఆ గుణకారంలో ఎక్కడా లేవు.

ముందు రోగం తేలాలి. ఫర్నేస్ వెలగడానికి ఒక వరస ఉంటుంది. థర్మోస్టాట్ నుంచి 24 వోల్టులు అందగానే ఫర్నేస్‌ను నడిపే కంట్రోల్ బోర్డు ముందుగా ప్రెషర్ స్విచ్ (గాలి లాగుడును కనిపెట్టే స్విచ్) తెరిచి ఉందో లేదో చూసుకుంటుంది. ఆ తర్వాత ఇండ్యూసర్ ఫ్యాన్ తిరిగి పొగగొట్టంలోకి గాలి లాగుతుంది. ఆ లాగుడుకి స్విచ్ మూసుకుంటుంది. అప్పుడు ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, మంట అంటుకుంటుంది. ఫ్లేమ్ సెన్సర్ మంటను గుర్తిస్తేనే వాల్వ్ తెరిచి ఉంటుంది. అర నిమిషం, ముప్పావు నిమిషం తర్వాత ఇంట్లోకి వేడి గాలి తోసే పెద్ద బ్లోవర్ తిరుగుతుంది. మీది రెండో మెట్టు దగ్గరే ఆగింది.

టక్ మన్నది బోర్డు మీది రిలే (మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) అయ్యుండాలి. అదే సమయంలో ఇండ్యూసర్ తీగల దగ్గర మీటర్ పెట్టి చూడాలి. 120 వోల్టులు వస్తూ మోటార్ తిరగకపోతే మోటారే పోయింది. వోల్టేజ్ రాకపోతే తప్పు బోర్డుది, మోటార్ మార్చినా ఫర్నేస్ వెలగదు. ప్రెషర్ స్విచ్ మూసుకునే ఉండిపోయినా బోర్డు ఇండ్యూసర్‌ని తిప్పదు, కాకపోతే అప్పుడు రిలే శబ్దం మామూలుగా వినపడదు. బోర్డు మీది చిన్న లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరుతుందో లెక్కపెట్టి, ప్యానెల్ లోపలి వైపు అంటించిన పట్టికతో పోల్చుకోండి. ఒక జాగ్రత్త: ప్యానెల్ తీయగానే డోర్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది. దాన్ని నొక్కిపట్టి చూడాలంటే లోపల 120 వోల్టులు ఉంటాయి. అలవాటు లేకపోతే ఆ రీడింగ్ టెక్నీషియన్‌నే మీ ముందు తీసి చూపించమనండి.

నేపర్‌విల్_శీతాకాలం
ట్రాయ్ గారూ, రోగం తేల్చాలన్నది నిజమే. కానీ ఈరోజు ఇండ్యూసర్, రేపు బోర్డు, ఎల్లుండి బ్లోవర్ మోటార్ అయితే? ఈసీఎం రకం (వేగం తనే మార్చుకునే) బ్లోవర్ అయితే అది ఒక్కటే వెయ్యి దాటొచ్చు. జనవరిలో రాత్రిపూట ఆగిపోతే ఇంట్లో నీటి పైపులు పగలొచ్చు. అప్పుడు మూడు చోట్ల ధర కోట్ అడిగే తీరిక ఉండదు, ఎవరు ముందొస్తే వాళ్లు అడిగింది ఇవ్వాల్సిందే. పైగా ఇంటి ఏసీ కూడా 15 ఏళ్లదై ఉంటుంది. 2025 జనవరి 1 నుంచి ఆర్‌-410ఏ అనే చల్లబరిచే గ్యాస్‌తో కొత్త ఇంటి ఏసీల తయారీ ఆగింది, ఇప్పుడు ఆర్‌-454బీ, ఆర్‌-32 రకాలే వస్తున్నాయి. గాలిని చల్లబరిచే ఏసీ కాయిల్ ఫర్నేస్ నెత్తి మీదే కూర్చుంటుంది, గ్యాస్ రకం మారితే అదీ మారాలి. ఇవాళ ఫర్నేస్, రెండేళ్లకు ఏసీ అని విడివిడిగా మారిస్తే ఆ కాయిల్ విప్పే కూలి రెండుసార్లు. రెండూ కలిపి మార్చడమే మేలు.

కొలంబస్_చిమ్నీ
ఇల్లు అలకగానే పండగ కాదు. 7,800 కోట్‌లో ఏముందో ఎవరైనా అడిగారా?

80 శాతం ఫర్నేస్, గ్యాస్ వాటర్ హీటర్ రెండూ ఒకే పొగగొట్టంలోకి కలిసి ఉన్న ఇళ్లు అక్కడ చాలా ఉంటాయి. 96 శాతం ఫర్నేస్ పెడితే దాని పొగ తెల్లటి పీవీసీ పైపులోంచి పక్క గోడ గుండా పోతుంది. పెద్ద చిమ్నీకి చిన్న వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది. దాని వేడికి చిమ్నీ వెచ్చబడదు. లోపల ఆవిరి నీరై కారి ఇటుకల మధ్య సున్నాన్ని తినేస్తుంది, లాగుడు చాలక పొగ వెనక్కి బేస్‌మెంట్‌లోకి తన్నే ప్రమాదం కూడా ఉంది. దానికి మందు చిమ్నీలో స్టీలు లైనర్ (లోపలి గొట్టం) దింపించడం, లేదా వాటర్ హీటర్‌నే మార్చడం. లైనర్‌కే వెయ్యి డాలర్ల పైమాట కావచ్చు. 96 శాతం రకం నీళ్లు కూడా వదులుతుంది, దగ్గర్లో డ్రెయిన్ లేకపోతే చిన్న పంపు కావాలి. ఇవీ, పర్మిట్ ఫీజూ కోట్‌లో రాసి లేకపోతే ఆ 7,800 అసలు ధర కాదు.

ఫ్రిస్కో_లెక్కలు
ఆదా సంగతి కూడా చూద్దాం. 80 నుంచి 96కి వెళ్తే అదే వేడికి గ్యాస్ ఆరో వంతు తగ్గుతుంది. ఏడాదికి వేడి కోసమే 900 డాలర్ల గ్యాస్ కాలితే మిగిలేది 150. 7,800కీ 950కీ తేడా 6,850. ఆ ఆదాతోనే తేడా రాబట్టాలంటే 45 ఏళ్ల పైనే పడుతుంది. అంటే బిల్లు తగ్గుతుందని కొత్తది కొనడం తప్పు లెక్క. పాతదాని మీద నమ్మకం పోతేనే కొనాలి. ఫెడరల్ పన్నులో ఫర్నేస్‌కి 600 డాలర్ల వరకు ఇచ్చిన రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. ఇంకా ఉందని ఎవరైనా చెప్పి అమ్మబోతే అక్కడే ఆపండి.

నేపర్‌విల్_శీతాకాలం
ఫ్రిస్కో గారి లెక్కకు ఎదురు చెప్పను. చిమ్నీ సంగతి నేను వదిలేశాను, అది ముఖ్యం. కానీ హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందించే ఇనుప గొట్టాలు) మాటేమిటి? అది చీలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. పిల్లలున్న ఇంట్లో 15 ఏళ్ల ఇనుము మీద అంత ధీమా నాకు లేదు.

ట్రాయ్_మెకానికల్
ఆ భయం న్యాయమైనదే. నిజంగా చీలి ఉంటే నేను కూడా మార్చమనే అంటాను, ఆ పొయ్యి ఒక్క రోజు కూడా నడపకూడదు. కాని "చీలింది" అన్న మాట చాలదు, ఫొటో కావాలి. ప్రతి అంతస్తులో, పడక గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ ఉండాలి.

వారంటీ కూడా చూడండి. సీరియల్ నంబరు తయారీదారు వెబ్‌సైట్‌లో కొడితే తెలుస్తుంది. చాలా బ్రాండ్లలో కొన్న కొత్తలో రిజిస్టర్ చేస్తే విడిభాగాలకు 10 ఏళ్లు, లేకపోతే 5. ఇక్కడ ఆ గడువు అయిపోయింది. హీట్ ఎక్స్ఛేంజర్‌కి మాత్రం 20 ఏళ్లో, జీవితకాలమో ఉండే మోడళ్లున్నాయి, కొన్నింటిలో అది మొదటి యజమానికే. భాగం ఉచితంగా వచ్చినా కూలి మీదే, ఆ కూలే వెయ్యి దాటొచ్చు.

ఎడిసన్_ఇల్లు
అందరికీ ధన్యవాదాలు. టెక్నీషియన్‌తో మీటర్ పెట్టించాను. రిలే పడగానే 120 వోల్టులు వస్తున్నాయి, ఇండ్యూసర్ చక్రం కదలడం లేదు. కరెంటు ఆపి చేత్తో తిప్పినా బిగుసుకుపోయింది. వాటర్ హీటర్ అదే చిమ్నీలో కలిసి ఉంది. కోట్‌లో లైనర్ ఊసే లేదు.

ట్రాయ్_మెకానికల్
అయితే మోటారే. మోడల్ నంబరుతో ఇండ్యూసర్ అసెంబ్లీ ధర వెతకండి, చాలా మోడళ్లకు 200 నుంచి 400 మధ్య దొరుకుతుంది. పని గంట, గంటన్నర. 950ని భాగం, కూలి, సర్వీస్ కాల్ అని విడగొట్టి రాసివ్వమనండి, మరో రెండు చోట్ల అడగండి. కొత్త గాస్కెట్ (సందు మూసే పట్టీ) వేస్తున్నారో లేదో చూడండి. పాతది మళ్లీ బిగిస్తే లాగుడు తగ్గి ప్రెషర్ స్విచ్ మూసుకోకపోవచ్చు, వారానికే ఇంకో సర్వీస్ కాల్. ప్రెషర్ స్విచ్ రబ్బరు గొట్టం తగిలే సన్నటి రంధ్రంలో తుప్పు పొడి పేరుకుంటుంది, దాన్ని మార్చకుండా మిగిలే పాత భాగాల వైపు కూడా సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేయించండి.

నేపర్‌విల్_శీతాకాలం
నా మాట ఒకటి చేర్చుకోండి తమ్ముడూ. ఇండ్యూసర్ విప్పినప్పుడు హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల చివరలు బయటపడతాయి. అప్పుడే లోపలికి కెమెరా పెట్టించి వీడియో తీయించండి. అవతలి వైపు నుంచి కూడా, బర్నర్లు తీసి. చీలిక కనిపిస్తే కొత్త మోటార్ బిగించకముందే పని ఆపేయమనండి.