తెల్ల చాక్ మాయమైపోతోంది, ఎవరైనా చెప్పండి

కుంచెకష్టాలు: పొద్దుట్నుంచి దీంతోనే కుస్తీ. సింహంతో పోరాడే హెర్క్యులీస్ పెయింటింగ్ కోసం ముందుగా చాక్‌తో ఫిగర్ స్టడీ, అంటే మనిషి ఒంటి నమూనా బొమ్మ, వేస్తున్నాను. వీపు కండలు నల్ల చాక్‌తో బాగానే వచ్చాయి. వెలుగు పడే చోట తెల్ల చాక్ పెట్టాను. కాసేపాగి చూస్తే తెలుపు లేదు! మళ్లీ పెట్టినా అంతే. చాక్ నకిలీదా? పిచ్చెక్కిపోతోంది.

సన్నగీత: ఏ రంగు కాగితం? పైన ఏమైనా స్ప్రే కొట్టారా?

పాతపటం: ముందు ఒక మాట. భుజాన సింహం తోలు వేయలేదు కదా? ఆ తోలు ఈ సింహానిదే, చంపాకే కప్పుకున్నాడు. దాని ఒంటికి ఆయుధాలు దిగవు, గొంతు నులిమి చంపాడు. కాబట్టి బలమంతా ముంజేతుల్లో కనిపించాలి. ఫార్నీస్ హెర్క్యులీస్ శిల్పం చూసి గీస్తుంటే ఆపేయండి. అక్కడున్నది గద మీద వాలి సేదతీరుతున్న మనిషి, ఆ భంగిమ ఇక్కడ అతకదు.

కుంచెకష్టాలు: తోలు సంగతి తర్వాత సార్. కాగితం బూడిద రంగు. కొట్టడమంటే, చెరిగిపోకుండా మామూలుగా కొట్టే ఫిక్సేటివే.

సన్నగీత: దానివల్లే.

నల్లరాయి: తెల్ల చాక్ కాల్షియం కార్బొనేట్. పొడి రేణువుల మధ్య గాలి ఉంటేనే వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. ఫిక్సేటివ్‌లోని రెజిన్ (జిగురు లాంటిది) ఆ ఖాళీల్లో నిండగానే చాక్ పారదర్శకమై కింది కాగితం రంగు బయటపడుతుంది. నల్లదానికి ఆ బాధ లేదు. నల్ల గీతలు పూర్తయ్యాక పల్చగా కొట్టి, ఆరాక తెలుపు పెట్టండి. ఆపైన ఇక కొట్టొద్దు. బోర్డు మీద రాసే సుద్దముక్కయితే అసలే వద్దు, అది చాలావరకు జిప్సమ్. ఇంకోటి, నల్లదాని మీద తెలుపు రుద్దితే బురదే. ఇటలీ చిత్రకారుడు అన్నిబలే కర్రాచ్చి రోమ్‌లో ఫార్నీస్ ప్యాలెస్ సీలింగ్‌కి వేసిన స్టడీలు చూడండి. కాగితం రంగే మధ్య ఛాయ, తెలుపు మెరిసే చోట మాత్రమే.

రంగులడబ్బా: నల్ల చాక్ అంటే చార్‌కోలేగా?

నల్లరాయి: కాదు. చార్‌కోల్ కాల్చిన పుల్ల, నల్ల చాక్ తవ్వి తీసిన రాయి.

రంగులడబ్బా: ఇప్పుడు షాపుల్లో దొరికేది రాయా? పొడిని జిగురుతో కలిపి చేసిన కడ్డీ.

నల్లరాయి: నేను అప్పటి మాట చెబుతున్నా.

రంగులడబ్బా: ఆయన గీసేది ఇప్పుడు.

కుంచెకష్టాలు: తెలుపు నిలిచింది, థ్యాంక్స్. కాన్వాస్ మీదికి ఎక్కించడానికి గళ్లు గీస్తే చాలా?

సన్నగీత: చాలు. స్టడీ మీద కాదు, జిరాక్స్ మీద.