ప్రపోజల్‌లో పెద్దవాళ్ళ పేపర్‌ను విమర్శించకూడదా?

మూడోసెమిస్టర్:
జాగ్రఫీ పీజీ ప్రపోజల్ రాస్తున్నాను. నగరంలో వేడి, పేదరికం మీద. దీనిపై అందరూ చూపించే ఒక పేపర్ ఉంది. లాండ్‌శాట్ 8 ఉపగ్రహ చిత్రాలతో 30 మీటర్ల గడుల వేడి పటం గీసి, వార్డుల సగటు ఆదాయంతో పోల్చి, పేద కుటుంబాలే ఎక్కువ వేడిని భరిస్తున్నాయని తేల్చారు. దాని లోపాలపై రెండు పేజీలు రాస్తే గైడ్ మొత్తం కొట్టేశారు. ప్రపోజల్‌లో విమర్శ ఉండకూడదా?

పటంపిచ్చి:
30 మీటర్లా? లాండ్‌శాట్ 8 థర్మల్ సెన్సర్ కొలిచేది 100 మీటర్ల గడిలో. దాన్ని 30కి సర్ది ఇస్తారంతే. ఈ ఒక్క ముక్కతో ఆ పేపర్ పని అయిపోయింది. రెండు పేజీలెందుకు?

నేలబారు:
ఏమీ అయిపోలేదు. వార్డు సగటు తీశాక 30 అయినా 100 అయినా తేడా పెద్దగా ఉండదు. ఉపగ్రహం కొలిచింది నేల, కప్పుల ఉపరితల వేడి, అదీ పొద్దున పదింటి ప్రాంతంలో. మనిషికి నిద్ర పట్టనివ్వనిది రాత్రి గాలిలో వేడి. ఇంకోటి, వార్డు లెక్క పట్టుకుని కుటుంబం గురించి చెప్పేశారు. 1950లో సామాజిక శాస్త్రవేత్త రాబిన్సన్ హెచ్చరించింది దీని గురించే. 1930 అమెరికా జనగణనలో, విదేశాల్లో పుట్టినవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ (సహసంబంధం -0.53). మనుషులవారీగా చూస్తే వాళ్ళలోనే కాస్త ఎక్కువ (0.12). వలస వచ్చినవాళ్ళు చదువున్న రాష్ట్రాల్లో స్థిరపడ్డారు, అందుకే ప్లస్-మైనస్ గుర్తు తిరగబడింది.
సరే, ఇవన్నీ మీరూ రాసే ఉంటారు. మీ ప్రశ్న ఏమిటో రాశారా?

పటంపిచ్చి:
"పెద్దగా ఉండదు" అని ఎలా అంటారు? వార్డు చిన్నదైతే?

మూడోసెమిస్టర్:
ప్రశ్న చివర్లో నాలుగు లైన్లుంది సార్.

నేలబారు:
అదే గొడవ. నా దగ్గరికొచ్చే ప్రపోజల్స్ సగం ఇలాగే ఉంటాయి, పక్కవాడి తప్పులు బారెడు, సొంత ప్రశ్న బెత్తెడు. ఆ తప్పులైనా సరిగ్గా చదివి పట్టినవి కావు. జాగ్రఫీ కూడా సూత్రాలు వెతకాలంటూ 1953లో షేఫర్ అనే జాగ్రఫర్ తోటి జాగ్రఫర్ హార్ట్‌షోర్న్‌ను ఏకిపారేస్తే, 1955లో హార్ట్‌షోర్న్ మూలాలు తిరగేసి షేఫర్ ఎక్కడెక్కడ తప్పుగా ఉటంకించాడో చూపించాడు.

రెండుసార్లువెనక్కి:
అప్పటికి షేఫర్ చనిపోయాడు, జవాబివ్వడానికి మనిషే లేడు. అది కూడా చెప్పండి. అయినా తర్వాత వచ్చిన గణిత జాగ్రఫీ తరం జెండాగా పట్టుకుంది షేఫర్‌నే. ఉటంకింపులు తప్పైతే వాదన తప్పైపోతుందా?

నేలబారు:
విద్యార్థికి ఆ వెసులుబాటు ఉండదు బాబూ.

రెండుసార్లువెనక్కి:
ఎందుకుండదు? నా ప్రపోజల్ రెండుసార్లు తిప్పి పంపారు, "భాష బాగాలేదు" అని. నేను విమర్శించిన పేపర్ రాసినాయన కమిటీలోనే ఉన్నారు! మీరు గైడే కదా? సూటిగా చెప్పండి. ఎవరి పేరో చూసి ఎప్పుడైనా ఒక పేరా కొట్టించారా?

గట్టుమీద:
అబ్బో.

నేలబారు:
కొట్టించాను. ఒకసారి. ఎగ్జామినర్‌గా వచ్చేది ఆయనేనని నాకు తెలుసు. పిల్లవాడి డిగ్రీ ఆగుతుందని భయం. అతనికి మాత్రం పేరా బాగాలేదని చెప్పాను.

మూడోసెమిస్టర్:
నేనూ ఒకటి దాచాను. ఆ పేపర్ రెండో రచయిత మా గైడ్ క్లాస్‌మేట్. అది రాస్తే ఇక్కడ అందరూ గైడ్‌నే తిడతారని చెప్పలేదు.

పటంపిచ్చి:
ముందే చెప్పుంటే ఇంత టైపు చేసేవాణ్ణి కాదు. (100 మీటర్లే, అది మాత్రం మారదు.)

నేలబారు:
రాత్రి వేడి ముక్క ఒక్కటి ఉంచుకోండి. పేపర్ తప్పని రాయనక్కర్లేదు. వాళ్ళు పొద్దున పైనుంచి కొలిచారు, నేను రాత్రి ఇళ్ళలో కొలుస్తాను అనండి. విమర్శా అదే, ప్రశ్నా అదే.

రెండుసార్లువెనక్కి:
అంటే తప్పును తప్పనకుండా తప్పించుకోవడం. మళ్ళీ మొదటికే వచ్చాం.

మూడోసెమిస్టర్:
వార్డు-కుటుంబం లోపాన్ని మాత్రం తీయను. ఇంటింటి కొలతలు ఎందుకో చెప్పాలంటే అదే కావాలి. గైడ్ మళ్ళీ కొడితే ఎందుకో అడుగుతాను. సార్, ఒక్కో వార్డులో ఎన్ని ఇళ్ళలో వేడి నమోదు చేసే లాగర్లు పెట్టాలి? నా దగ్గర ఉన్నవి పన్నెండే.