మరపడవ డెక్‌పై ఉప్పుగాలికి నిలిచే ఎల్‌ఈడీ దీపాలు ఏవి?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మాకు ఒక మరపడవ ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట విరామంలో డెక్ దీపాలన్నీ మార్చాలనుకుంటున్నాను కనుక అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

నిరుడు బిగించిన ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు నాలుగు నెలలకే ఆరిపోయాయి. విప్పి చూస్తే అద్దం లోపల చెమ్మ, స్క్రూల చుట్టూ అల్యూమినియంపై తెల్లని పొడి, పచ్చబారిన రాగి తీగ కనిపించాయి. పైగా అవి వెలుగుతున్నంతసేపూ వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టులో బరబరమని శబ్దం వచ్చేది. తుఫాను హెచ్చరిక వినవలసిన సెట్టులో అది చిన్న లోపం కాదు.

అలలు డెక్ మీదికి ఎక్కే పడవకు నీరు, దుమ్ము చొరబడకుండా ఆపే రేటింగుల్లో ఐపీ67 సరిపోతుందా, దానికంటే పై స్థాయి ఐపీ68 తప్పనిసరా? 24 వోల్టుల బ్యాటరీ నుంచి వెనుక స్తంభం వరకు 12 మీటర్ల వైరు లాగితే వోల్టేజీ పడిపోకుండా ఎంత మందం ఉండాలి? వల లాగేవారి కళ్లు చెదరకుండా, మా ఎరుపు, ఆకుపచ్చ నావిగేషన్ దీపాలు ఎదుటి ఓడలకు స్పష్టంగా కనబడేలా, ఫ్లడ్ లైట్లను ఏ కోణంలో వంచాలి?

దుకాణంలో నీటి అడుగు దీపాలు కూడా చూపించారు. ఎల్‌ఈడీ వెలుగుతో చేపలను రప్పించి పట్టడాన్ని కేంద్రం 2017లోనే నిషేధించింది, పిల్లచేపలు కూడా వలలో పడే ఆ పద్ధతి నాకూ సమ్మతం కాదు. పంకాకు వల చుట్టుకున్నప్పుడు చూసుకోవడానికి నీటిలో పనిచేసే చేతిదీపం ఒక్కటి చాలు. మన్నికైనది తెలిస్తే దయచేసి చెప్పండి.