మానో: ఎస్పెరాంటోలో చెయ్యి, తగలోగ్‌లో దండం

కృత్రిమంగా తయారుచేసిన ఎస్పెరాంటో భాషలో మానో అంటే చెయ్యి, ఫిలిప్పీన్స్ భాష తగలోగ్‌లో అది ఒక రకం దండం. ఈ రెండు మాటలకూ చుట్టరికం ఉందా అంటే, అవును, రెండూ ఒక్క మూలం నుంచి వచ్చినవే. లాటిన్‌లో చేతిని మానుస్ అంటారు. స్పానిష్, ఇటాలియన్‌లలో అది మానో అయింది. మనం వాడే మాన్యువల్, మానిక్యూర్ కూడా ఆ కుటుంబమే.

ఎస్పెరాంటో సంగతి తేలిక. ఆ భాషను తయారుచేసి 1887లో వార్సాలో ప్రచురించిన జామెన్‌హోఫ్ దాని ధాతువుల్లో ఎక్కువభాగం లాటిన్ సంతతి భాషల్లోంచే ఏరుకున్నారు. ‘మాన్’ ధాతువు, చివరి ‘ఓ’ నామవాచకానికి గుర్తు. చేతులైతే మానోయ్, చేత్తో అంటే మానే. సమాసాలు కూడా అచ్చం మనవాటిలాగే కుదురుతాయి: మన్‌సాకో చేతిసంచి, మన్‌స్క్రీబో చేతిరాత.

తగలోగ్‌లో కథ వేరు. ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ పాలన 1565లో మొదలై 1898 దాకా సాగింది. వేల స్పానిష్ మాటలు అక్కడి భాషల్లో కలిశాయి. కానీ చేతికి తగలోగ్ వాళ్ల సొంత మాట కమాయ్ ఎక్కడికీ పోలేదు. చేత్తో తినే విందును కమాయన్ అంటారు, అదీ దాన్నుంచే. మరి మానోకు మిగిలిన పని? పెద్దవాళ్లు కనబడగానే పిల్లలు వంగి, వాళ్ల చేతిని అందుకుని, చేతి వెనుక భాగాన్ని తమ నుదుటికి ఆనించుకుంటారు. ఆ దండం పేరే మానో. పిల్లలు ‘మానో పో’ అంటారు. ఈ ‘పో’ దాదాపు మన ‘అండీ’. దేవుడు నిన్ను దయతలచాలి అని పెద్దలు దీవిస్తారు. మనం కాళ్లకు మొక్కే సందర్భాల్లో చాలావాటికి వాళ్లది ఈ మొక్కు. పేరు స్పానిష్‌దే గానీ ఆచారం అంతకంటే పాతదని చాలామంది అంటారు. ఇండోనేషియా, మలేషియాల్లోనూ ఇలాంటిదే ఉంది కాబట్టి నాకూ అదే సబబనిపిస్తుంది.

అలాగని తగలోగ్ మానోలో చెయ్యి అర్థం పూర్తిగా పోయిందనలేం. ‘మానో మానో’ అంటే ఒకరితో ఒకరు ముఖాముఖి తలపడటం. డ్రైవింగ్‌కి వాడే మానేహో కూడా స్పానిష్ మీదుగా ఈ మానుస్ దగ్గరికే చేరుతుంది.

అనువాదం చేసేవాళ్లు మానోను కరచాలనం అని మాత్రం రాయకండి. ఎస్పెరాంటోలో కరచాలనానికి మన్‌ప్రేమో అని వేరే మాట ఉంది. ఇంకోటి, తగలోగ్‌లో కోడిని మనోక్ అంటారు. దానికీ దీనికీ చుట్టరికం లేదు, అది అక్కడి దేశి మాట.