ఉగాది సాయంత్రం జానపద కథల కార్యక్రమం: ఏర్పాట్లపై చర్చ

కార్యక్రమ సమన్వయకర్త:

సంఘ సభ్యులకు, స్వచ్ఛంద సేవకులకు నమస్కారం. ఈసారి ఉగాది వేడుకలలో సాయంత్రం భాగాన్ని పూర్తిగా మన జానపద కథలకే కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది. పనులు పంచుకునే ముందు ఒక్క విన్నపం. కథను ఎవరూ కాగితం చూసి చదవవద్దు. వెనక తెర మీద బొమ్మలు కదులుతుంటే పిల్లల చూపు అటే పోతుంది. చెప్పేవారి ముఖం చూసి ఊకొట్టేవారు లేకపోతే ఎంత మంచి కథయినా చప్పబడిపోతుంది. అందువల్ల వేదిక వద్దని, చెప్పేవారి చుట్టూ పిల్లలు నేల మీదే కూర్చునేలా తివాచీలు పరచాలని నా అభిప్రాయం.

మొదటి కథగా ఏడు చేపల కథను ప్రతిపాదిస్తున్నాను. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చి ఎండబెట్టిన చేపల్లో ఒకటి ఎండకపోవడం, ఆ తప్పును చేప గడ్డిమేటు మీదికి, గడ్డిమేటు ఆవు మీదికి, ఆవు గొల్లవాడి మీదికి నెట్టుకుంటూ పోవడం, చివరికి "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని చీమ ఎదురు ప్రశ్నించడం మనందరికీ తెలిసినవే. ప్రశ్నలన్నీ ఒకే వరసలో సాగుతాయి కాబట్టి, తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు కూడా కాసేపటికి గొంతు కలుపుతారు. చెప్పే పెద్దలు "ఆవా, ఆవా" అని ఆగితే చాలు, "ఎందుకు మేయలేదు?" అని పిల్లలే అందుకుంటారు. ఈ కథ ఒక్కో ప్రాంతంలో కొద్ది మార్పులతో వినిపిస్తుంది. ఎవరు ఎలా విన్నారో అలాగే చెప్పాలి. ఎవరి యాసనూ సరిదిద్దవద్దని కోరుతున్నాను.

బుర్రకథ బృందం:

సమన్వయకర్త గారికి నమస్కారం. మా ముగ్గురి సాధన మొదలైంది. కథకుడు తంబుర భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని కథ నడిపిస్తే, ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ "తందాన తాన" అని వంత పాడతారు. వారిలో ఒకరు హాస్యం పలికితే, మరొకరు లోకం తీరు మీద వ్యాఖ్యానిస్తారు. బొబ్బిలి కథలో ఒక ఘట్టం మాత్రమే చెప్పాలనుకుంటున్నాము. 1757 జనవరి 24న బొబ్బిలికి, విజయనగరం పక్షానికి మధ్య జరిగిన ఆ యుద్ధం చరిత్రకెక్కినదే అయినా, రాజాంలో ఉన్న బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడికి కబురు సకాలంలో అందకపోవడాన్ని కథకులు తరతరాలుగా తమ తమ తీరున పెంచుతూ వచ్చారు. ఏది చరిత్ర, ఏది కథకుల కల్పన అన్నది మొదట్లోనే చెప్పమంటారా? కోటలోని స్త్రీల మరణాన్ని చిన్నపిల్లల ముందు ఎలా చెప్పాలన్నది కూడా మాకు తేలలేదు.

పిల్లల విభాగం బాధ్యురాలు:

అందరికీ నమస్కారం. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవాటి గుడ్డ మీద వరుసగా బొమ్మలు వేస్తే, కాకిపడగల వారు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కథ చెప్పే సంప్రదాయం ఉంది. అదే పద్ధతిలో పిల్లల చేత ఏడు చేపల కథను గుడ్డ మీద వేయించాలని ఉంది. అలాగే మా యువకులు కొందరు వేషాలు కట్టి ఒగ్గుకథ ప్రదర్శిస్తామని ఉత్సాహపడుతున్నారు. మీ సలహా కావాలి.

కార్యక్రమ సమన్వయకర్త:

పటం ఆలోచన ఎంతో బాగుంది. ఏడు చేపల కథ ముగియగానే పిల్లలను పక్క గదిలోకి తీసుకువెళ్లి పటం వేయించండి. ఆ సమయంలో బుర్రకథ పెద్దల కోసం జరుగుతుంది కాబట్టి, బృందం వారు ఆ విషాద ఘట్టాన్ని తగ్గించకుండా చెప్పవచ్చు. చరిత్ర, కల్పనల మాట కథకు ముందు రెండు వాక్యాలలో చెబితే చాలు, మధ్యలో కథ ఆపవద్దు. విజయనగరం వైపు కుటుంబాలు కూడా మన సంఘంలో ఉన్నాయి కాబట్టి, వంతల హాస్యం ఆ పక్షాన్ని చులకన చేసేలా ఉండకూడదు.

ఒగ్గుకథ విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేను. మల్లన్న, బీరప్ప కథలను ఒగ్గు పూజారులు రంగుపొడులతో పట్నాలనే ముగ్గులు వేసి, కొలుపులో భాగంగా చెబుతారు. వాళ్లకు అది ఆరాధన. వేషం కట్టి అనుకరిస్తే ఆ కథకులను చిన్నబుచ్చినట్టవుతుంది. కొమురవెల్లి జాతర చూసిన సభ్యులు ఎవరైనా, అక్కడ తాము విన్న మల్లన్న కథను కూర్చుని తమ మాటల్లో చెబితే సంతోషంగా సమయం ఇస్తాను. యువకులకు ఈ మాట మీరే నెమ్మదిగా చెప్పండి. వారి ఉత్సాహం వృథా కాకుండా, పెద్దల కథలను రికార్డు చేసే బాధ్యత వారికి అప్పగిద్దాము.

రికార్డు చేసేవారు ప్రతి పెద్దవారి అనుమతి ముందుగా తీసుకోవాలి. ఆ కథ ఏ ఊళ్లో, ఎవరి నోట విన్నారో వారి మాటల్లోనే చెప్పించి, ఆ తర్వాతే కథ మొదలుపెట్టించాలి. తప్పులు దొర్లినా మళ్లీ చెప్పించవద్దు. చెప్పదలచినవారు కథ పేరు, పట్టే సమయం ఈ ఆదివారంలోగా ఇక్కడే తెలియజేస్తే వరుస నిర్ణయిస్తాను. మెట్లు ఎక్కలేని పెద్దలు ఉంటే ఆ సంగతి కూడా రాయండి, కింది అంతస్తు హాలు అడుగుతాను.