“కోట్లమందికి గూడు మెరుగుపరిచాం” అన్న అంకెను ఎలా చదవాలి?

ప్రశ్న: చంద్రిక

హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ లాంటి లాభాపేక్ష లేని గృహనిర్మాణ సంస్థల వార్షిక నివేదికలు చదువుతున్నాను. పదుల దేశాలు, కోట్లమంది లబ్ధిదారులు అని ఉంటుంది. కట్టిన ఇళ్ల సంఖ్యతో పోల్చి చూస్తే రెండింటికీ పొంతన కుదరదు. తప్పుడు అంకెలు అనడం లేదు, దేన్ని లెక్కలోకి తీసుకుంటున్నారో అంతుపట్టడం లేదు. ఒక సంస్థ పనివల్ల నిజంగా ఏం మారిందో తేల్చాలంటే ఏం చూడాలి? కొత్త ఇల్లు, మరమ్మతు, అప్పు, భూమి హక్కు, వీటిలో ఎక్కువకాలం నిలిచేది ఏది? పని లోతుపాతులు తెలిసినవాళ్లు చెప్తే మేలు.

జవాబు: లెక్కపుస్తకం

పొంతన కుదరకపోవడానికి కారణం ఉంది. ఆ పెద్ద అంకెలో కొత్త ఇల్లు అందుకున్నవాళ్లు ఒక చిన్న భాగం. మరమ్మతు, ఒక గది కలపడం, చిన్న గృహరుణం, మేస్త్రీలకు శిక్షణ, ఇవన్నీ అందులో చేరతాయి. ఒక చట్టమో నిబంధనో మారేలా సంస్థ పనిచేస్తే దానివల్ల మేలు పొందే అవకాశం ఉన్నవాళ్లనూ లెక్కిస్తారు. ఇందులో తప్పేం లేదు, కానీ తాళం చెవి చేతికి అందిన కుటుంబాన్నీ, చట్టం మారిన ఊళ్లో ఉంటున్న కుటుంబాన్నీ ఒకే గాటన కట్టకూడదు. మంచి నివేదిక ఈ రెంటినీ వేర్వేరు వరుసల్లో చూపిస్తుంది. మొదట చూడాల్సింది అదే.

తర్వాత చూడాల్సింది డబ్బు తిరిగే తీరు. మిలార్డ్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, అమెరికస్ పట్టణంలో హ్యాబిటాట్ మొదలుపెట్టారు. అంతకుముందు మూడేళ్లు ఆఫ్రికాలో అప్పటి జైర్ (ఇప్పటి డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో) లోని ఎంబండాకాలో అదే పద్ధతి నడిపి చూశారు. పద్ధతి సూటిగా ఉంటుంది. లాభం వేసుకోకూడదు, వడ్డీ తీసుకోకూడదు అన్నది మొదట్లో పెట్టుకున్న సూత్రం. ఇల్లు పొందే కుటుంబం తన శ్రమ కూడా పెడుతుంది, అమెరికాలో చాలాచోట్ల అది 200 నుంచి 500 గంటలు. నెలవారీ వాయిదాలన్నీ ఒక నిధిలో పడతాయి, ఆ నిధితో మరో ఇల్లు లేస్తుంది.

చిక్కు అక్కడే ఉంది. ఇల్లు ఖర్చు 100 పాళ్లు, తీర్చే గడువు 20 ఏళ్లు అనుకోండి. ఒక కుటుంబం ఏడాదికి 5 పాళ్లు కడుతుంది, 20 కుటుంబాలు కలిసి ఏడాదికో ఇల్లు నిలబెడతాయి. నిర్మాణ ఖర్చు ఏటా 6 శాతం పెరిగిందంటే 12 ఏళ్లకు ఇంటి ఖర్చు 200 పాళ్లవుతుంది. వాయిదాలు మాత్రం అవే 100, అంటే సగం ఇల్లే. వడ్డీ లేని నిధిని ధరలు ఇలా తినేస్తాయి. అందుకే కొన్ని ఆఫ్రికా దేశాల్లో వాయిదాను సిమెంటు బస్తా ధరకు ముడిపెట్టారు. బస్తా ధర పెరిగితే వాయిదా పెరుగుతుంది. నిధికి ఇది రక్షణే కానీ, కుటుంబం కూలి ఆ వేగంతో పెరగకపోతే భారం వాళ్ల నెత్తిన పడుతుంది. ఏ సంస్థనైనా అడగాల్సిన ప్రశ్న ఇది: వాయిదాల డబ్బుతో ఏటా ఎన్ని ఇళ్లు కడుతున్నారు, కొత్త విరాళాలతో ఎన్ని? ఈ నిష్పత్తి ఏటికేడు పడిపోతుంటే నిధి పేరుకే తిరుగుతున్నట్టు.

జవాబు: ఇటుకపని

లెక్కపుస్తకం గారు చెప్పిన డబ్బు సంగతికి గోడల సంగతి జోడిస్తాను.

ప్రపంచంలో పేదల ఇళ్లలో చాలా భాగం ఏ సంస్థా కట్టలేదు, వాళ్లే కట్టుకున్నారు. ఈ ఏడు ఒక గోడ, రెండేళ్లకు కప్పు, చేతిలో డబ్బాడితే పైన ఇంకో గది. వాటన్నిటినీ కూల్చి కొత్తవి కట్టడం ఎవరి తరమూ కాదు. ఉన్న ఇంటిని ప్రాణాలు తీయని ఇంటిగా మార్చడమే ఎక్కువమందికి అందే పని, కొత్త ఇంటి ఖర్చులో కొంత భాగంతోనే అవుతుంది. 2004లో ఇంజనీరు ఎలిజబెత్ హౌస్లర్ స్థాపించిన బిల్డ్ చేంజ్ సంస్థ దీన్నే పట్టుకుంది. సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచేలో, 2010 భూకంపం తర్వాత హైతీలో, ఇంకా చాలా దేశాల్లో పనిచేసింది. భూకంపంలో మనుషులు చచ్చేది ఎక్కువగా ఇళ్లు కూలడం వల్ల. అందుకని చివరికి లెక్కకు వచ్చేది మేస్త్రి చేతిపనే.

చిన్న ఇళ్లకు నమ్మకంగా పనిచేసే పద్ధతి ఒకటుంది. ముందు ఇటుక గోడ కట్టి, దాని అంచులు పళ్లలా వదిలి, ఆ తర్వాత గోడను ఆనుకునే పిల్లర్ పోయడం. గోడా పిల్లరూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ముందు పిల్లర్లు లేపి మధ్యలో గోడ నింపితే ఆ పట్టు దొరకదు, ఊపుకి గోడ పలకలా బయటికి పడుతుంది.

ఎక్కువగా ఎక్కడ చెడుతుందో చెప్తాను. అన్నిటికంటే ముందు రింగులు. పిల్లర్‌లో నాలుగు నిలువు కడ్డీల చుట్టూ 6 మి.మీ. రింగులు దాదాపు 15 సెం.మీ. దూరంలో వేస్తారు. పిల్లర్ కిందా పైనా, బీము కలిసే చోట ఇంకా దగ్గరగా, 10 సెం.మీ.కి ఒకటి రావాలి. రింగు కొనను 135 డిగ్రీలు తిప్పి పిల్లర్ కడుపులోకి దింపాలి. చాలాచోట్ల పని తొందరలో 90 డిగ్రీలకే వంచి వదిలేస్తారు. భూమి ఊగినప్పుడు ముందు రాలేది పైపొర కాంక్రీటు. అది రాలగానే 90 డిగ్రీల కొన విచ్చుకుంటుంది, లోపలి కడ్డీలు బయటికి ఉబుకుతాయి, పిల్లర్ నలుగుతుంది. ఆ ఒక్క వంపు సరిగ్గా తిప్పడానికి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. కాంక్రీటు పోసేశాక మాత్రం అది ఎవరికీ కనబడదు, కాబట్టి పోతకు ముందు ఎవరు వచ్చి చూశారన్నది రాతలో ఉండాలి.

తర్వాత నీళ్లు. 50 కిలోల సిమెంటు బస్తాకు సుమారు 25 లీటర్లు చాలు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. జారుగా ఉంటే పోత సులువని బకెట్లకొద్దీ కలిపితే గట్టిదనం పోతుంది. పోసిన కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. ఇటుకలు కట్టే ముందు నానబెట్టకపోతే సున్నానికో సిమెంటుకో కావల్సిన నీళ్లన్నీ అవే లాగేసుకుంటాయి. తీరప్రాంతాల్లో సముద్రపు ఇసుక వాడితే ఉప్పు కడ్డీలను తినేస్తుంది, కొన్నేళ్లకు పిల్లర్ నిలువునా పగులుతుంది. అతుకు దగ్గర రెండు కడ్డీలు మందానికి 40 నుంచి 50 రెట్లు ఒకదానిపై ఒకటి రావాలి, 10 మి.మీ. కడ్డీకి 40–50 సెం.మీ. అన్నమాట.

గాలివానల చోట కథ వేరు. అక్కడ గోడకంటే ముందు కప్పు పోతుంది. వాసాన్ని గోడ మీది దూలానికి, దూలాన్ని గోడకు, గోడను పునాదికి ఇనుప పట్టీలతో గొలుసులా కలపాలి. ఎక్కడ ఒక్క కొలికి తెగినా కప్పు అక్కడి నుంచే లేస్తుంది. రేకులకు మేకులకంటే స్క్రూలు మేలు. చూరు, అంచుల దగ్గర వాటిని మరింత దగ్గరగా వేయాలి, గాలి పట్టుకు లాగేది అక్కడే.

ఇక నేల. దీన్ని ఎవరూ ఫొటో తీయరు గానీ, నా దృష్టిలో పెట్టిన డబ్బుకు ఇంత ఫలితమిచ్చే పని మరొకటి అరుదు. మెక్సికోలోని కొవావిలా రాష్ట్రంలో 2000లో మట్టినేలల ఇళ్లకు సిమెంటు గచ్చు వేసే పథకం మొదలైంది, ఇంటికి 50 చ.మీ. దాకా. అది ప్రభుత్వ పథకమే, అయినా సంస్థలు నేర్చుకోవాల్సింది అందులో చాలా ఉంది. 2009లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఇల్లంతా గచ్చు పడితే పిల్లల్లో నులిపురుగుల లాంటి పరాన్నజీవుల బెడద 78 శాతం, విరేచనాలు 49 శాతం, రక్తహీనత 81 శాతం తగ్గాయి. సిమెంటు కొనలేనిచోట రువాండాలో ఎర్త్ఎనేబుల్ అనే సంస్థ గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టినేలకు పైన ఆరే నూనె పూసి నీళ్లు ఇంకకుండా చేస్తోంది. ఇందులో చెడేది రెండుచోట్ల: కింద కంకర పొర సరిగ్గా అణగకపోతే నేల కుంగుతుంది, మట్టి పూర్తిగా ఆరకముందే నూనె పూస్తే పొర పొరలుగా లేస్తుంది.

జవాబు: నేలపట్టా

గోడ ఎంత బాగా కట్టినా కాళ్లకింద నేల ఎవరిదో తేలకపోతే ఆ పని ఒక్క బుల్‌డోజర్‌తో సరి. తగిన ఇల్లు అంటే ఏమిటో చెప్తూ ఐక్యరాజ్యసమితి కమిటీ 1991లో ఏడు అంశాలు రాసింది, వాటిలో మొదటిది ఖాళీ చేయిస్తారన్న భయం లేకుండా ఉండగలగడం. నీళ్లూ వసతులూ, భరించగల ఖర్చు, నివాసయోగ్యత, అందరికీ అందుబాటు, ఇల్లు ఉన్న చోటు, సంస్కృతికి తగినట్టు ఉండడం ఆ తర్వాతవి. చోటు అన్నది చిన్న మాట కాదు. చవగ్గా భూమి దొరికిందని పనులకు రెండు గంటల దూరంలో కాలనీ కడితే రవాణా ఖర్చు, పోయిన కూలి కలిసి అద్దెను మించిపోతాయి. ఇళ్లకు తాళాలు పడతాయి, జనం మళ్లీ పాత బస్తీకే వస్తారు. కట్టి అయిదేళ్లయిన ఇళ్లలో అసలు లబ్ధిదారులు ఎందరు ఉంటున్నారని అడగండి. ఆ అంకె దాచే సంస్థ మీద నాకు గురి కుదరదు.

ఇంకో ముప్పు ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇల్లు బాగైతే దాని ధర పెరుగుతుంది, అప్పుడు పేదవాళ్లే అమ్ముకుని వెళ్లిపోతారు. ఒక్క తరంతో సాయం ఆవిరైపోతుంది. దీనికి విరుగుడుగా వచ్చిందే సామూహిక భూమి ట్రస్టు. మొదటిది 1969లో జార్జియాలోనే నల్లజాతి రైతుల కోసం పౌరహక్కుల ఉద్యమకారులు పెట్టిన న్యూ కమ్యూనిటీస్. హ్యాబిటాట్ పుట్టిన కౌంటీకి (మన జిల్లా లాంటిది) పక్క కౌంటీలోనే అది కూడా పుట్టింది, పల్లెల పట్టుదల నుంచి రెండు పెద్ద ఆలోచనలు అంత దగ్గర్లో రావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

పద్ధతి ఇది: నేల ట్రస్టుది, ఇల్లు కుటుంబానిది, నేలకు సాధారణంగా 99 ఏళ్ల లీజు. కుటుంబం అమ్ముకోవచ్చు, కానీ ఒక సూత్రం ప్రకారం. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉన్న చాంప్లేన్ ట్రస్టులో పెరిగిన విలువలో 25 శాతం అమ్మేవాళ్లది. 100 పాళ్లకు కొన్న ఇల్లు విలువ 160 అయితే పెరిగింది 60, అందులో 15 అమ్మేవాళ్లకు. మిగిలింది ఇంటిలోనే ఉండిపోతుంది గనుక తర్వాతి కుటుంబానికి అది దాదాపు 115కే దొరుకుతుంది. 1984లో బర్లింగ్టన్ నగరంలో మొదలైన ఆ ట్రస్టుకు 2008లో ప్రపంచ హ్యాబిటాట్ పురస్కారం వచ్చింది. తర్వాత ప్యూర్టోరికోలో మార్టిన్ పెన్యా కాలువ ఒడ్డు బస్తీలు, బ్రస్సెల్స్ నగరం ఇదే దారి పట్టాయి. ఒక సంస్థ ప్రపంచ ప్రభావం అంటే నా లెక్కలో ఇదే, తాను వెళ్లని ఊళ్లో కూడా తన పద్ధతి నడవడం.

ఇంకో ప్రశ్న: చంద్రిక

చాలా స్పష్టత వచ్చిందండీ, అందరికీ ధన్యవాదాలు. మరి రెండు మూడు రోజుల్లో వాలంటీర్లు కట్టిచ్చే చిన్న ఇళ్ల మాటేమిటి? అవి లెక్కలోకి వస్తాయా?

జవాబు: లెక్కపుస్తకం

వస్తాయి, కానీ దేనికి మందో తెలిసి వాడాలి. చిలీలో 1997లో మొదలైన టెచో ఇలాంటివే కడుతుంది. 18 చ.మీ., అంటే 6 మీటర్లకు 3 మీటర్ల చెక్కపలకల గది. మరుగుదొడ్డి, వంటగది, నీటి కొళాయి ఉండవు. ఖర్చులో చిన్న వాటా కుటుంబం పెట్టుకుంటుంది. ఎల్ సాల్వడోర్, మెక్సికో, ఉరుగ్వేలలో ఇల్లు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చేసిన అధ్యయనంలో జీవితం మీద తృప్తి బాగా పెరిగింది, రెండు దేశాల్లో పిల్లల ఆరోగ్యం మెరుగుపడింది. సంపాదన మాత్రం పెరగలేదు, ఇంట్లో సామానూ పెరగలేదు. కాబట్టి “ఇల్లిస్తే పేదరికం పోతుంది” అని రాసే నివేదికను నమ్మకండి. “వాన కురవని గది ఇస్తే తల్లి నిద్రపోతుంది, పిల్లకు జబ్బు తగ్గుతుంది” అంటే నమ్మొచ్చు.

జవాబు: ఇటుకపని

నేలపట్టా గారితో ఒక్క మాటలో విభేదిస్తాను. పట్టా తేలేదాకా ఆగుదామంటే భూకంపం ఆగదు. గోడ బలపరచడం ముందే జరగాలి.

జవాబు: నేలపట్టా

ఆగమని నేననలేదండీ. పట్టా ఒక్కటే హక్కు కాదు. ఖాళీ చేయించబోమని మున్సిపాలిటీ ఇచ్చే రాతపూర్వక హామీ, బస్తీ మొత్తం పేరున లీజు, ఆ ఇంటికి కుటుంబం పేరున కరెంటు బిల్లు, ఇవి నెలల్లో సాధించొచ్చు. మీ మరమ్మతు మొదలయ్యేలోపు వీటిలో ఒకటి చేతికొస్తే చాలు. ఇంకో సంగతి, ఆ కాగితం భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. భర్త ఒక్కడి పేరున ఉంటే, అతను పోయినా వదిలేసినా మీరు బలపరిచిన గోడల మధ్య నుంచి బయటికి వెళ్లేది ఆమె, పిల్లలు.